మూడోసారి

కొత్తపాళెం,
24 ఏప్రిల్ 2025

బిందూ,

ఈ కాలంలో ఉత్తరమేంది, వదినకి మతి పోయిందా అని నవ్వుకుంటావు. నవ్వుకో. మన ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఇప్పుడు మీ అన్న నోరయింది. అన్నం కావాలన్నా వద్దన్నా దాంట్లోనే టైపు చేసి చూపిస్తాడు. రాత్రీ పగలూ చేతిలోనే ఉంటుంది. నేను నీకు మెసేజి పెడితే ముందు చదివేది ఆయనే. అందుకని విడవలూరు పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చాను.

మద్రాసు ఆసుపత్రిలో గొంతు ఆపరేషన్ అయి వచ్చి రెండు నెలలు దాటింది. కోసిన చోటు మానింది. మెడ కింద ఆ రంధ్రాన్ని శుభ్రం చేసుకోవడం, పల్చటి గుడ్డ కట్టుకోవడం అన్నీ ఆయనే చేసుకుంటున్నాడు. మనిషి మాత్రం మానలేదు. కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటాడు. వేలం షెడ్డులో మునెయ్య పాట పెడితే రామతీర్థం దాకా వినిపిస్తుందని ఊరంతా ఎగతాళి చేసేది కదా. ఇప్పుడు ఇంట్లో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఇసకమీదే ఉన్నాయి. జూన్‌లో అవి నీళ్ళల్లోకి దిగితే వేరేవాళ్ళు పాట పెడతారు. ఆ రోజు తలుచుకుంటే నాకు భయంగా ఉంది.

అసలు సంగతి. అటక మీద నీ డిప్లొమా నాటి కంప్యూటర్ ఉంది కదా, దాన్ని టీవీకి తగిలించి ఇంట్లోనే చిన్న సినిమా హాలు చేయాలనుకుంటున్నా. విడవలూరులో నెట్ సెంటర్ నడిపే ఫేబీ చేసి పెడతానంది. దానికి ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఉందట. నీ పాస్‌వర్డ్ ఏంది? ఏమేం కావాలో కూడా రాయి. ఎందుకని మాత్రం అడగొద్దు, రాయడానికి చెయ్యి రావట్లేదు.

జవాబు ఫేబీ నెట్ సెంటర్‌కు రాయి. ఇంటికి రాస్తే పోస్ట్‌మ్యాన్ మీ అన్న చేతికే ఇస్తాడు. ఫేబీ ఫోన్లో మాట్లాడొచ్చు గానీ, పదిమంది పిల్లకాయల ముందు ఈ మాటలు నా నోట రావు.

నీ వదిన,
ధనలక్ష్మి


తడ,
29 ఏప్రిల్ 2025

వదినకు,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. అన్న గొంతు పోయి గోడవైపు చూస్తూ కూర్చుంటే నీకు సినిమా హాలు కావాల్సొచ్చిందా? ఎందుకని అడగొద్దట. అడుగుతాను. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ గొంతే. పొద్దున్నే ఒడ్డున పాట పెట్టి బొంగురు పోయి వచ్చేవాడు, నాచేత ఉప్పునీళ్ళు కాయించుకుని పుక్కిలించేవాడు. ఆ బొంగురు ఇంత పని చేస్తుందని మనలో ఎవరమైనా అనుకున్నామా.

ఇందిరమ్మ పిన్ని ఫోన్ చేసింది. "మీ వొదిన ఆటోలో స్పీకర్లు దించినాది బిందా, ఈ కష్టంలో ఆమెకి ఈ సోకులేందో" అని. ఫోన్ పెట్టేశాను.

నువ్వు పట్టుకుంటే వదిలే రకం కాదు కాబట్టి రాస్తున్నాను. ఇన్నేళ్ళ ఉప్పుగాలికి లోపల చిలుము పట్టి ఉంటుంది. మూత విప్పి, మెమరీ పలకను మెల్లగా పీకి, దాని పసుపు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. వేలితో ముట్టుకోవద్దు. టీవీకి హెచ్‌డీఎంఐ తీగ చాలు. పాత విండోస్ ఇప్పుడు నడవలేదు, లినక్స్ వేయమను. దాని మీద సినిమాలు చూపించే సాఫ్ట్‌వేర్ పేరు కోడి. నవ్వకు, నిజంగా అదే పేరు. ఏ దేశాల వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని వదిలేశారు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. దాంట్లో నాకు కావాల్సింది ఏమీ లేదు, అంతా పరీక్షల చెత్త. మొత్తం తుడిచేసి కొత్తగా వేసుకోండి.

నేను హాస్టల్ ఖాళీ చేసి ఒక గది తీసుకుంటాను. అన్నను తడకు పంపించు. నీ సినిమాలు నువ్వు చూసుకో.

బిందు


తడ,
2 మే 2025

వదినా, ఆగు. ఈ ఉత్తరం అందేసరికి ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకుండా ఉంటే బాగుండు.

నిన్న ఫ్యాక్టరీ లైన్‌లో పని చేస్తూ ఉన్నట్టుండి గుర్తొచ్చింది. దాంట్లో అన్న పాట ఉంది. డిప్లొమా రెండో ఏడు, కొత్త ఫోన్ కొనిపెట్టాడని సంబరంగా షెడ్డుకు పోయి రికార్డు చేశాను. ఆ ఫోన్ పోయింది. ఫైళ్ళు మాత్రం కంప్యూటర్‌లోకి ఎక్కించాను, 'అన్న' అని పేరు పెట్టి. మొత్తం తుడిచేయమని నా చేత్తోనే రాశాను కదా వదినా!

ఇంకెక్కడా ఆ గొంతు లేదు. పెళ్ళి వీడియోల్లో పాటలు వేసేస్తారు, మనిషి మాట మిగల్చరు. ఊళ్ళో ఫోన్లు లేకపోలేదు, కానీ రోజూ వినేదాన్ని ఎవరు దాచుకుంటారు? ఫేబీ నంబరు నువ్వు ఇవ్వలేదు. ఆగలేక అన్న ఫోన్‌కే చేశాను. ఎత్తాడు. మాట లేదు, మెడలోంచి గాలి వచ్చిపోయే చప్పుడు మాత్రం. "అన్నా, వదినకి ఇవ్వు" అన్నాను. నువ్వు ఇంట్లో లేవేమో, ఆ గాలి చప్పుడే చాలాసేపు విన్నాను. నీ గొంతు తుడిచేస్తున్నారేమో చూడన్నా అని ఆయనకెట్లా చెప్పేది? పెట్టేశాను.

మెషిన్ అటక మీద పెట్టేయ్. నేను వచ్చి చూసుకుంటాను.

బిందు


కొత్తపాళెం,
5 మే 2025

బిందూ,

నీ 29వ తేదీ జవాబు అందింది. కోపం వచ్చింది, తర్వాత పోయింది. నీకు నిజం చెప్పకుండా సాయం అడిగినదాన్ని నేనే.

మీ అన్నను నీళ్ళకు దూరంగా ఉంచమని డాక్టర్ ఎంత చెప్పాడో నీకు తెలుసు. తలస్నానం చేసినా ఆ రంధ్రంలోకి చుక్క పోకూడదు. ఉగాది తర్వాత ఒక సాయంత్రం చూస్తే కుర్చీ ఖాళీ. ఒడ్డుకు పరిగెత్తాను. పడవలేవీ లేని సముద్రంలో, రొమ్ములోతు నీళ్ళల్లో నిలబడి ఉన్నాడు. అల ఎత్తుగా వస్తే చాలు. నేను పోయి చెయ్యి పట్టుకుంటే వెనక్కి వచ్చాడు. ఎందుకు దిగావంటే ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు నేను. నీకు చెప్తే పరిగెత్తుకొస్తావు, అందరి ముందూ ఏడుస్తావు, ఆయన ఇంకా ముడుచుకుపోతాడు.

పలకరించడానికి వచ్చేవాళ్ళు ఏం మాట్లాడాలో తెలియక రావడం మానేశారు. ఇంట్లో సినిమా ఉంటే జనం వస్తారు, మీ అన్నతో మాట్లాడాల్సిన పని లేకుండా కూర్చుంటారు. నలుగురిలో ఉంటే ఒడ్డుకు పోడు. అంతే నా ఆలోచన. ఇప్పుడు చెప్పు, సోకా ఇది?

మూత విప్పితే లోపల బల్లి గుడ్లు, ఉప్పు పేరుకున్న స్క్రూలు. కొబ్బరినూనె చుక్క వేస్తేగానీ తిరగలేదు. నువ్వు చెప్పినట్టే రబ్బరుతో రుద్దాం. బీప్ అని ఒక్క కూత కూసి లేచింది. ఫేబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ తెచ్చింది. మధ్యలో మెషిన్ ఆగి, డిస్కు మొత్తం తుడిచేయమంటావా అని అడిగిందట. "ఏం జెయ్యాలక్కా?" అంది ఫేబీ. మా ఆడబిడ్డ తుడిచేయమంది, తుడిచేయ్ అన్నాను. అటక మీదున్న నీ సినిమా డీవీడీలు గీతలు పడతాయని అన్నీ దాంట్లోకే ఎక్కించింది. టీవీని మీ అన్న చూసే గోడకే కొట్టించాను.

మొదటి సాయంత్రం పెరట్లోకి లేచిపోయాడు. రెండో సాయంత్రం గడప దగ్గర నిలబడి చూశాడు. అదే చాలనుకున్నాను.

ధనలక్ష్మి


తడ,
9 మే 2025

వదినా,

నీళ్ళ సంగతి చదివాను. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా రెండో ఉత్తరం అందిందా? తుడిచేశారా? తుడిచేశారు, నువ్వే రాశావు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. తుడిచేసినంత మాత్రాన అంతా పోదు. డిస్కులో పాతది అట్లాగే ఉంటుంది, దాని గుర్తు మాత్రమే పోతుంది. కొత్తది వచ్చి దాని మీద పడితే అప్పుడు పోతుంది. పాత ఫైళ్ళు వెతికి తీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. నువ్వు ఎక్కించే ప్రతి సినిమా అన్న గొంతు మీద మట్టి పోసినట్టే. మెషిన్ ఆపు. స్విచ్ కూడా వేయొద్దు. డిస్కు విప్పి నాకు పంపు.

బిందు


కొత్తపాళెం,
15 మే 2025

బిందూ,

ఫేబీ ఊరికి పోయి వచ్చి, నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి ఇచ్చింది. నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చుని చదివాను. నాకు ఆ ఫైళ్ళ సంగతి తెలియదు. తెలిస్తే నా చేత్తో తుడిపిస్తానా? ఆ గొంతు విని పెళ్ళికి ఒప్పుకున్నదాన్ని నేను. మనిషిని చూడకముందు, మా పెదనాన్నతో చేపలకు వచ్చి, షెడ్డు బయట నిలబడి విన్నాను.

కానీ మెషిన్ ఆపను.

కోప్పడకుండా చదువు. ఇప్పుడు రోజూ సాయంత్రం జనం వస్తున్నారు. ఓబయ్య మామ వాళ్ళ పెళ్ళి డీవీడీ తెచ్చాడు, ఆ తర్వాత ఊళ్ళో పెళ్ళి డీవీడీలన్నీ వచ్చిపడ్డాయి. ఎవరి పెళ్ళి చూస్తూ వాళ్ళే నవ్వుకుంటున్నారు. రిమోట్ మీ అన్న చేతిలో ఉంటోంది. పెళ్ళిళ్ళన్నీ వరసగా సర్ది ఒక్కోదానికి తెలుగులో పేరు పెట్టాడు. 'ఓబయ్య మామ, మీసాలున్నప్పుడు' అని పెడితే జనం పడీ పడీ నవ్వారు. మీ అన్న కూడా నవ్వాడు బిందూ. చప్పుడు లేదు, భుజాలు కదిలాయి. ఆపరేషన్ తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అది.

స్విచ్ ఆపేస్తే రేపు సాయంత్రం ఆ కుర్చీలో ఎవరుంటారో నాకు తెలియదు. నీకు మీ అన్న గొంతు కావాలి. నాకు మీ అన్న కావాలి. పోయినదాని కోసం ఉన్నదాన్ని పణం పెట్టలేను.

ధనలక్ష్మి


తడ,
21 మే 2025

శ్రీమతి ధనలక్ష్మి గారికి,

కంప్యూటర్ నాది. డిస్కు నాది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ దాని మీద ఎక్కిస్తున్నారని తెలిశాక నాకు నిద్ర పట్టడం లేదు. ఆ డిస్కులో ఉన్నది మీ ఆయన గొంతే కాదు, మా అన్న గొంతు కూడా. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను.

ఆదివారం 25న వస్తున్నాను. స్క్రూడ్రైవర్ నేనే తెచ్చుకుంటాను.

ఎన్. బిందు


కొత్తపాళెం,
1 జూన్ 2025

బిందూ,

'గారు' అని రాసినా నేను 'బిందూ' అనే రాస్తాను. ఏం చేస్తావో చేసుకో.

నువ్వు డిస్కు తీసుకుని బస్సెక్కాక జరిగింది నీకు తెలియాలి. మనిద్దరం హాల్లో నిలబడి అరుచుకుంటున్నాం కదా, గొంతు, తుడిచేశావు, తుడిచేయమన్నావు అంటూ. పెరట్లో ఉన్నాడనుకున్నాం. తలుపు దగ్గరే ఉన్నాడు. తన గొంతు దాంట్లో ఉండేదని, మనమే పోగొట్టామని మన నోటితోనే విన్నాడు. నువ్వు చూసింది ఆయన వచ్చి స్క్రూలు తానే విప్పి, డిస్కు నీ చేతిలో పెట్టడం వరకే. ఫోన్లో 'తీసుకుపో' అని చూపించాడు. నువ్వు తీసుకుపోయావు.

ఆ సాయంత్రం జనం వచ్చి, నల్లగా ఉన్న టీవీ చూసి వెళ్ళిపోయారు. కుర్చీ మళ్ళీ గోడవైపు తిరిగింది. తర్వాతి రోజు ఒడ్డుకు పోయాడు. నేను వెనకే పోయి అంత దూరాన ఇసకలో కూర్చున్నాను. నీళ్ళల్లో దిగలేదు, తడి ఇసక దాకా పోయి నిలబడ్డాడు. రోజూ పోతున్నాడు, రోజూ నేనూ పోతున్నాను. మా ఇద్దరి మధ్య పడవలకు రంగులు వేస్తున్నారు, వలలు బాగుచేస్తున్నారు. 15న వేట మొదలు. మునెయ్య బదులు హజరత్తయ్య మామ పాట పెట్టాలని పెద్దలు అనుకున్నారు. ఆయన గొంతు ఆయన భార్యకే వినపడదు. ఆ మాట మీ అన్నకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఇవాళ ఫేబీ వచ్చి ఒక మాట చెప్పింది. ఆ కోడిని డిస్కు లేకుండా పెన్‌డ్రైవ్ మీద కూడా నడపొచ్చట. వేరే పెన్‌డ్రైవ్‌లో సినిమాలు పెట్టుకోవచ్చట. "ముందే అడగాల గదక్కా" అంది. మనం అడగలేదు. నీకు డిస్కు కావాలి, నాకు మెషిన్ కావాలి, రెండూ ఒకటే అనుకుని కొట్టుకున్నాం. ఇన్నాళ్ళూ డిస్కు తీసి పక్కన పెట్టుకుని మెషిన్ నడుపుకోవచ్చు! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పెన్‌డ్రైవ్ పెట్టాం, నడుస్తోంది. కానీ మీ అన్న కుర్చీ ఇటు తిప్పలేదు. నీకేమైనా దొరికిందా? దొరక్కపోయినా నాకే రాయి, ఆయనకు మెసేజి పెట్టొద్దు.

ధనలక్ష్మి


తడ,
9 జూన్ 2025

వదినా,

'గారు' అన్నందుకు నన్ను నాలుగు తిట్టు. తిట్టాకే మిగతాది చదువు.

నా హాస్టల్ గదిలో ఉండే అనూష ల్యాప్‌టాప్‌కు డిస్కు తగిలించి, డ్యూటీ దిగిన ప్రతి పూటా వెతికాను. పేర్లు లేని ఫైళ్ళు వేలకొద్దీ లేచాయి. సగం ఓబయ్య మామ పెళ్ళే. అన్న ఫైళ్ళు దాదాపు అన్నీ పాడయ్యాయి. తెరిస్తే గరగర, లేదంటే అసలు తెరుచుకోవు. మంచి పాట ఉన్నదాని మీద ఎవరిదో అప్పగింతలు పడి ఉంది. దాన్ని చూసి నిన్నూ నన్నూ సమానంగా తిట్టుకున్నాను.

ఒక్కటి దొరికింది. చిన్నది. "రాండయ్యో రాండీ, వంజరం గంప, పాట పాడండీ" అని పిలుస్తాడు. జనం గోల. తర్వాత "ఒకటోసారీ" అంటాడు. ఆగి "రెండోసారీ" అంటాడు. అక్కడ తెగిపోయింది. మూడోసారి లేదు వదినా. వెతికినచోటే మళ్ళీ మళ్ళీ వెతికాను. అన్న ఎంత బాగా అనేవాడు ఆ మూడోసారి, ఆ ఒక్క మాటకు ఒడ్డంతా ఆగిపోయేది. అదే పోయింది.

దొరికింది పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఈ కవర్లోనే పంపుతున్నాను. అన్నకు వినిపించాలో వద్దో నాకు తెలియదు. విని నీళ్ళల్లోకి పోతాడేమోనని భయం. వినిపించకపోతే ఆయనది ఆయనకే ఇవ్వకుండా దాచినట్టు. ఇంట్లో ఉన్నదానివి నువ్వు, నువ్వే తేల్చు. నేను 15కు లీవు అడిగాను, ఇవ్వలేదు. మూడోసారి కోసం వెతకడం మానను.

నీ బిందు


కొత్తపాళెం,
17 జూన్ 2025

మా బిందుకు,

ఈ ఉత్తరం మీ అన్న ముందే కూర్చుని రాస్తున్నాను. పోస్టు చేసేది కూడా ఆయనే. కాబట్టి ఏమీ దాచక్కర్లేదు.

నీ పెన్‌డ్రైవ్ మూడు రోజులు బియ్యం డబ్బాలో దాచాను. వినిపించే ధైర్యం లేదు, పారేసే ధైర్యమూ లేదు. చివరికి సినిమాల పెన్‌డ్రైవ్ పక్కన గుచ్చేసి, ఏమీ చెప్పకుండా కుళాయికి పోయాను. తిరిగొస్తుంటే వీధి మలుపులో వినిపించింది. "రాండయ్యో రాండీ!" బిందె అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఒక్క క్షణం నిజంగానే నమ్మాను బిందూ, మాట వచ్చేసిందని. లోపలికి పోతే కుర్చీ టీవీవైపు తిరిగి ఉంది. రిమోట్ పట్టుకుని మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

మర్నాడు ఫేబీని పిలిపించి ఆ ముక్కను మూడుగా కోయించాడు. పెళ్ళిళ్ళకు పెట్టినట్టే వాటికీ పేర్లు పెట్టాడు. పిలుపు. ఒకటి. రెండు. ఎందుకో మాకు చెప్పలేదు.

నిన్న పడవలు తిరిగొచ్చాయి. తెల్లారేసరికి చూస్తే మెషిన్, అటక మీదున్న నీ పాత మానిటర్, స్పీకర్లు అన్నీ చేపల బండి మీద ఎక్కించి తాళ్ళతో కడుతున్నాడు. ఫోన్లో పెట్టుకుంటే సరిపోదా అన్నాను. 'ఫోను నా నోరు. అడిగినవాళ్ళకు జవాబు చెప్పాల. పాటకు ఇది' అని టైపు చేశాడు. షెడ్డులో కరెంటు ఉంది కదా, తగిలించాడు. అప్పటికే హజరత్తయ్య మామ గంప ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. మీ అన్నను చూసి పక్కకు జరిగాడు. ఎవరైనా నవ్వితే ఆయన నేరుగా నీళ్ళల్లోకే పోతాడని నాకు తెలుసు.

రిమోట్ నొక్కాడు. స్పీకర్లలోంచి మునెయ్య గొంతు ఒడ్డంతా పరుచుకుంది. చేపలమ్మే ముసలమ్మ అవ్వ గంప కింద పెట్టి దండం పెట్టింది. కొనేవాళ్ళు కాసేపు గుడ్లప్పగించి చూశారు. తర్వాత నెల్లూరు నుంచి వచ్చిన వెంకయ్య ధర అందుకున్నాడు, ఇంకొకరు పెంచారు. పాట సాగింది. ఇక పెంచేవాళ్ళు లేరనుకున్నాక మీ అన్న నొక్కాడు. "ఒకటోసారీ." చుట్టూ చూశాడు. "రెండోసారీ."

అక్కడ తెగిపోయింది. మూడోది లేదని నాకు తెలుసు, ఆయనకు తెలుసు. జనానికి తెలియదు. అందరూ నోళ్ళు తెరుచుకుని ఆ మాట కోసం ఎదురు చూస్తున్నారు. మీ అన్న రిమోట్ జేబులో పెట్టుకున్నాడు. వంగి, గంప అంచు మీద అరచేత్తో ఫెడేలుమని కొట్టాడు. గంపలో వంజరాలు ఎగిరిపడ్డాయి.

"అయిపాయ! ఎంకయ్యదే గంప!" అన్నాడు హజరత్తయ్య మామ, తన జీవితంలో మొదటిసారి అందరికీ వినపడేట్టు. ఆ తర్వాత గంప వెనక గంప. పొద్దెక్కేసరికి మీ అన్న అరచెయ్యి ఎర్రగా వాచిపోయింది. ఇప్పుడు పసుపు పట్టించాను. కుర్చీ వీధివైపు వేసుకుని కూర్చున్నాడు.

నువ్వు ఇంకా వెతుకుతున్నావని చెప్పాను. కలం అడిగాడు. కింద రాసింది ఆయనే.

నీ వదిన,
ధనలక్ష్మి

*బిందా, వెతకబాక. మూడోది నా చేతిలోనే ఉండాది.*